దవాఖాన చెప్పిన లెక్క, చేను చెప్పిన లెక్క

పల్లె ఆరోగ్యం గురించి మన ముందుకొచ్చే ప్రతి అంకె వెనుక ఒక పద్ధతి ఉంటుంది. జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ లాంటి మండలంలో ఆ పద్ధతి ఎలా ఉండాలో, తెలుగు నేల మీద ఇప్పటికే జరిగిన అధ్యయనాల నుంచి నేర్చుకోవచ్చు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో 22.6 శాతం, అంటే 1,800 మందికి పైగా, బతకలేదు. 2002 సంవత్సరపు కేసులను విడిగా పరిశీలిస్తే మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్లలోపు వాళ్లు. 57 శాతం మగవాళ్లు. 96 శాతం మంది ప్రాణం తీసుకోవాలనే మందు తాగినవాళ్లు.

ఆ మరుసటి ఏడాదే, 2003 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామాల్లో మరో లెక్క తయారైంది. ఈ లెక్క ఆసుపత్రిలో రాసింది కాదు. పత్తి పండించే 50 మంది మహిళలు, మందు కొట్టిన తర్వాత తమకు ఏమైందో, తమ ఇంటి మగవాళ్లు 47 మందికి ఏమైందో చెబుతూ వచ్చారు. అలా నమోదైన సందర్భాలు 323. వాటిలో 84 శాతం సందర్భాల్లో విష లక్షణాలు ఏదో ఒక స్థాయిలో కనిపించాయి. 6 శాతం సందర్భాల్లో నరాలపై ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరు కూడా వైద్యానికి వెళ్లలేదు.

రెండు లెక్కలూ నిజమే. కానీ మొదటిది మాత్రమే చదివిన అధికారికి పురుగుమందు అంటే ఆత్మహత్యల సమస్యగా కనిపిస్తుంది. రెండోది చదివితే అది సీజను పొడుగునా, చేనులో, పని చేస్తుండగా జరిగే ప్రమాదమని తెలుస్తుంది. మొదటి లెక్క ప్రకారం కావలసింది మానసిక ఆసరా, విషానికి విరుగుడు వైద్యం, ప్రాణాంతకమైన మందుల నిషేధం. రెండో లెక్క ప్రకారం కావలసింది మందు కలిపే చేతికి రక్షణ, మందు తక్కువ వాడే సాగు, ఊళ్లోనే తొలి చికిత్స. మొదటి దాన్ని నమ్మి రెండోదాన్ని వదిలేస్తే, దవాఖాన దాకా రాని వేలమంది బాధ ప్రభుత్వ కాగితాల్లో లేనట్టే అవుతుంది.

లెక్క ఎక్కడ తీశారు, ఎవరు అడిగారు, ఎవరిని వదిలేశారు అన్నవి నిపుణులకు మాత్రమే సంబంధించిన సాంకేతిక విషయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎవరి కష్టానికి బడ్జెట్ దక్కుతుందో తేల్చేది అవే. పత్తి చేలూ, తండాలూ, హైదరాబాద్–వరంగల్ దారీ ఉన్న స్టేషన్ ఘన్‌పూర్‌ను మనసులో ఉంచుకుని ఒక్కో అంకెనూ విప్పి చూద్దాం.

8,040: రిజిస్టరు బలం, రిజిస్టరు హద్దు

ఆసుపత్రి రిజిస్టరును తక్కువ చేయకూడదు. 2002లో ఏ మందు తాగారో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం రెండే మందులని ఎంజీఎం రికార్డులు చూపించాయి: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఇలా పేరు పట్టుకుని చెప్పగలగడం చాలా పెద్ద విషయం. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో కట్టడి చేశారు. 2005 నాటికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆ క్షణంలో చేతికి అందే మందు ఎంత ప్రాణాంతకమైనదన్న దాని మీద ఒక మనిషి బతకడం, చనిపోవడం ఆధారపడి ఉంటాయని ఇలాంటి రిజిస్టర్లే ప్రపంచానికి నేర్పాయి. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి మనసైనా బరువెక్కి ఉంటే, టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

అయితే రిజిస్టరుకు గుమ్మం లోపలికి వచ్చినవాళ్లే తెలుసు. దారిలోనే ప్రాణం పోయినవాళ్లు, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని ఇంటికి వెళ్లినవాళ్లు, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో చేరినవాళ్లు అందులో ఉండరు. పైగా 8,040 మంది ఎంత జనాభాలోంచి వచ్చారో రిజిస్టరు చెప్పదు. ఎంతమందిలో ఎంతమంది అన్నది తెలియనిదే, సమస్య పెరుగుతోందో తగ్గుతోందో తేల్చలేం. రోగులు పెరిగారంటే జబ్బు పెరిగి ఉండవచ్చు, లేదా అంబులెన్సు త్వరగా వస్తుండవచ్చు.

323: అడిగేది ఎవరు, ఎలా అడగాలి

మూడు పత్తి గ్రామాల అధ్యయనంలో అసలు విశేషం మహిళల చేతికి లెక్క అప్పగించడం. మందు కొట్టేది మగవాళ్లని, ప్రమాదమూ వాళ్లకేనని అంతవరకు ఉన్న నమ్మకం. చిక్కటి మందును నీళ్లలో కలపడం, ఖాళీ అయిన ట్యాంకు మళ్లీ నింపడం ఆడవాళ్ల పని. ఆ పని మందు కొట్టడమంత ప్రమాదకరమని ఈ లెక్కలోనే తేలింది. మందు కొట్టిన సందర్భాల్లో 47 శాతం వాటిలో వాడింది నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ రకం. తీవ్రమైన విష ప్రభావం భూస్వాముల కంటే సన్నకారు రైతులకే ఎక్కువగా తగిలిందని కూడా బయటపడింది. వైద్యుడు కుర్చీలో కూర్చుని రోగి కోసం ఎదురుచూసే పద్ధతిలో ఈ మూడింటిలో ఒక్కటీ తెలిసేది కాదు.

ఇందులో క్షేత్ర పరిశోధకులు నేర్చుకోవలసిన పాఠాలు మూడు. మొదటిది కాలం. పత్తికి మందు కొట్టే నెలల్లోనే వెళ్లాలి. ఎండాకాలంలో వెళ్లి 'పోయిన సీజన్‌లో ఎన్నిసార్లు తల తిరిగింది' అని అడిగితే వచ్చే జవాబు ఊహే. అందుకే జాతీయ సర్వేల్లో కూడా పిల్లల విరేచనాల గురించి గడిచిన రెండు వారాల వరకే అడుగుతారు. రెండోది వేళ. పగలు పదకొండు గంటలకు పల్లెకు వెళ్తే ఇళ్లలో ముసలివాళ్లే కనిపిస్తారు. పత్తి ఏరే కూలీలు దొరికేది పొద్దున్నే, లేదా పొద్దుగూకాక. మూడోది ప్రశ్న. 'మందు వల్ల ఆరోగ్యం చెడిందా' అంటే చాలామంది లేదంటారు, అది వాళ్లకు మామూలైపోయింది కాబట్టి. 'మందు కొట్టిన రోజు రాత్రి అన్నం సయించిందా? వాంతి అయిందా? చేతులు వణికాయా?' అని ఒక్కొక్కటిగా అడిగితే జవాబు మారుతుంది. తండాల్లో అదే ప్రశ్నను లంబాడీ భాషలో, ఒక మహిళ అడగాలి. ఇంటి యజమాని పక్కన నిలబడి ఉండగా కోడలు ఇచ్చే జవాబు, ఆమె ఒంటరిగా ఇచ్చే జవాబు ఒకటి కావు.

882: జిల్లాకు దొరికింది, మండలానికి దొరకనిది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019 జూన్ 30 నుంచి నవంబరు 14 వరకు, తెలంగాణలో 27,351 ఇళ్ల వివరాలు తీసుకున్నారు. సర్వే లెక్కలోని 31 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు 882 ఇళ్లు. ఒక జిల్లా పరిస్థితి చెప్పడానికి ఇది చాలు. కానీ జనగామ జిల్లాలో డజను దాకా మండలాలున్నాయి. సగటు చూస్తే మండలానికి 70 చిల్లర ఇళ్లు మిగులుతాయి. అవి కూడా కొన్ని ఊళ్లలోనే గుంపులుగా ఉంటాయి. కాబట్టి జనగామ జిల్లాకు అంకె దొరుకుతుంది, స్టేషన్ ఘన్‌పూర్‌కు దొరకదు.

ఇంకో చిక్కు ఉంది. నాలుగో విడత సర్వే జరిగిన 2015–16లో స్టేషన్ ఘన్‌పూర్ ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో జనగామ జిల్లాలోకి వచ్చింది. అందువల్ల నాటి వరంగల్ అంకెనూ నేటి జనగామ అంకెనూ పక్కపక్కన పెట్టి 'మెరుగుపడింది' అనో 'దిగజారింది' అనో తీర్పు చెప్పడం తప్పు. గీత మారినప్పుడు గీత లోపలి మనుషులు కూడా మారిపోయారు. ఇక జనాభా చూద్దామంటే చివరి జనగణన 2011 నాటిది. ఈ రోజు మండలంలో ఎన్ని ఇళ్లున్నాయో అందరికంటే దగ్గరగా తెలిసింది ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు. వెయ్యి జనాభాకు ఒక ఆశా ఉండాలన్నది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005 నుంచి పెట్టుకున్న ప్రమాణం. ఆమె దగ్గరున్న ఇళ్ల జాబితాను సరిచూసుకుని మొదలుపెట్టడమే ఏ మండల సర్వేకైనా మొదటి అడుగు.

210: ఎంతమందిని అడిగితే చాలు

ఒక మండలంలో ఏడాది నిండిన పిల్లలకు టీకాలన్నీ పడ్డాయా అని తెలుసుకోవాలి. అందరినీ అడిగే వీలు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా కార్యక్రమంలో ప్రసిద్ధమైన పద్ధతి 30 చోట్ల ఏడుగురు చొప్పున పిల్లలను చూడటం. మొత్తం 210. ఈ అంకె ఎలా వచ్చిందో చూద్దాం.

95 శాతం నమ్మకంతో, పది శాతం అటూఇటూ తేడాతో జవాబు కావాలంటే, పిల్లలను విడివిడిగా ఎంచుకున్నప్పుడు 96 మంది చాలు. కానీ ఒకే వాడలోని పిల్లలందరికీ ఏఎన్‌ఎం ఒక్కరే, టీకా రోజు ఒక్కటే. ఆమె ఆ నెల సెలవులో ఉంటే ఏడుగురికీ పడదు. అంటే ఆ ఏడుగురు ఏడు విడి సాక్ష్యాలు కారు. ఆ లోటు పూడ్చడానికి 96ను రెట్టింపు చేస్తారు: 192. ముప్పైతో సరిగ్గా భాగించేలా పైకి సర్దితే 210.

ఊళ్ల ఎంపికకూ లెక్కుంది. మండల జనాభా 60,000 అనుకుందాం. ముప్పైతో భాగిస్తే 2,000. ఊళ్లను వరసగా రాసి జనాభాను కలుపుకుంటూ పోవాలి. 1 నుంచి 2,000 లోపు ఒక అంకెను చీటీ తీయాలి. 740 వచ్చిందనుకుంటే 740వ మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో ఆ ఊరు మొదటిది. తర్వాత 2,740, 4,740, 6,740. పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం వస్తుంది, చిన్న ఊరికీ దక్కే అవకాశం ఉంటుంది. సర్పంచి చెప్పిన ఊరో, కారు సులువుగా వెళ్లే ఊరో అన్న ప్రశ్నే రాదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండలో మంట అంతటా ఒకేలా తగులుతుంది కాబట్టి ఆ మాట నిజం. ఊళ్లో అలా తగలదు. పాత 30×7 పద్ధతిలో బృందాలు ఊరి నడిబొడ్డు నుంచి ఒక దిక్కు పట్టుకుని, మొదటి ఇల్లు ఎంచుకుని, పక్కపక్క ఇళ్లకు వెళ్లేవి. దాంతో గ్రామ పంచాయతీ చుట్టూ ఉన్న ఇళ్లకు అవకాశం ఎక్కువ, ఊరి చివర ఎస్సీ కాలనీకీ అర కిలోమీటరు అవతలి తండాకూ తక్కువ. టీకా తప్పిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే. అందుకే ఇప్పటి సర్వేల్లో ముందు ఇళ్లన్నిటికీ జాబితా రాసి, ఆ జాబితా నుంచి చీటీ తీస్తారు. దీనికి అదనంగా ఒక రోజు పడుతుంది. ఆ రోజు మిగుల్చుకోవాలని చూస్తే సర్వే మొత్తం వృథా అవుతుంది.

19: ఒక ఉపకేంద్రం బాగుందా, లేదా

210 మంది మండలం మొత్తానికి జవాబిస్తారు. ఏ ఉపకేంద్రం వెనకబడిందో చెప్పరు. దానికి ఇంకో పద్ధతి ఉంది. ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత చూడటానికి 1920ల్లో పుట్టి, తర్వాత ఆరోగ్య రంగంలోకి వచ్చింది. ఉపకేంద్రం పరిధిలో 19 మందిని చీటీ తీసి చూడాలి. లక్ష్యం 80 శాతం అనుకుంటే, 19లో 13 మందికో అంతకంటే ఎక్కువ మందికో సేవ అందితే ఆ ఉపకేంద్రం పాస్. 12 లేదా తక్కువైతే అక్కడికి సూపర్‌వైజర్ వెళ్లాలి.

నిజంగా 80 శాతం సాధించిన కేంద్రాన్ని ఈ పద్ధతి పొరపాటున తప్పుబట్టే అవకాశం 7 శాతం. 50 శాతమే ఉన్న కేంద్రాన్ని పొరపాటున మెచ్చుకునే అవకాశం 8 శాతం. కచ్చితమైన శాతం తెలియదు, కానీ ఈ నెల ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. పీహెచ్‌సీ వైద్యాధికారికి కావలసింది చాలాసార్లు అదే. ఏ ఏఎన్‌ఎం మీదా చర్య తీసుకోవడానికి మాత్రం 19 మంది సాక్ష్యం చాలదు. సాయం ఎక్కడ కావాలో చూపడానికి చాలు.

1,493: పరీక్షకు రానివాళ్లు ఎవరు

ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ 94 చోట్ల కంటి పరీక్షల అధ్యయనం చేసింది. ఎంపికైనవాళ్లు 11,786 మంది. పరీక్షకు వచ్చినవాళ్లు 10,293, అంటే 87.3 శాతం. అంధత్వం 1.84 శాతం అని తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు, 16 శాతానికి అద్దాలతో సరిదిద్దగల దృష్టి లోపం. చూపు పోయిన ప్రతి పది మందిలో ఆరుగురికి చికిత్స ఉందన్న మాట. ఆ తర్వాత ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో 40 ఏళ్లు పైబడినవాళ్లపై, ఇంటి గుమ్మం దగ్గరే చేసే తేలికపాటి పరీక్షలతో, ఇంకా త్వరగా పూర్తయ్యే సర్వేలు జరిగాయి.

ఇక్కడ ఆలోచించవలసింది రాని 1,493 మంది గురించి. వాళ్లు పనికి వెళ్లిన యువకులైతే ఒక అర్థం, మంచం దిగలేని ముసలివాళ్లైతే మరో అర్థం. రెండోదే నిజమైతే అసలు అంధత్వం సర్వే చూపినదానికంటే ఎక్కువ ఉంటుంది. తలుపు తాళం వేసి ఉంటే పక్క ఇంటికి వెళ్లిపోవడం సర్వే బృందాలకు తేలిక. మంచి బృందం రెండోసారి, మూడోసారి వస్తుంది. ఎంతమంది దొరకలేదో దాచకుండా రాస్తుంది. ఏ నివేదికలోనైనా ఈ ఒక్క అంకె లేకపోతే మిగతావాటిని నమ్మడం కష్టం.

79 సెంటీమీటర్లు: వయసు తప్పితే

ఒక మగపిల్లవాడి పొడవు 79 సెంటీమీటర్లు. వయసు 18 నెలలైతే అతను ఆరోగ్యంగా ఎదుగుతున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో ఆ వయసుకు కనీస హద్దు 76.9. అదే 24 నెలలైతే హద్దు 81, ఆ పిల్లవాడు ఎదుగుదల ఆగిన వర్గంలో పడతాడు. కొలత ఒక్కటే, వయసులో ఆరు నెలల తేడాకే తీర్పు తిరగబడింది. జనన ధ్రువపత్రం లేని ఇంట్లో ఏం చేయాలి? స్థానిక ఘటనల క్యాలెండర్ వేసుకోవాలి. ఓరుగల్లు ప్రాంతంలో ఇది కష్టం కాదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ముందు పుట్టాడా, తర్వాతా? బతుకమ్మ ఆడే నాటికి కడుపుతో ఉన్నావా, బాబు చేతిలో ఉన్నాడా? ఇలా నాలుగు ప్రశ్నలడిగితే వయసు ఒక నెల అటూఇటూగా తేలుతుంది.

పరికరమూ అంతే ముఖ్యం. ఐదో విడత సర్వే ప్రకారం తెలంగాణలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉంది. ఇది వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో చేసిన పరీక్ష. దేశం మొత్తం మీద 2015–16 సర్వేలో వేలి రక్తంతో వచ్చిన అంకె 58.6 శాతం. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో, సిర నుంచి తీసిన రక్తాన్ని ల్యాబుకు పంపి చూస్తే, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతమే. రెండు సర్వేల్లో పిల్లల వయసులు కొంత వేరు, అయినా ఇంత తేడాకు అదొక్కటే కారణం కాదు. వేలిని గట్టిగా పిండితే రక్తంలో కణజాలపు నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపుతుంది. ఆ తర్వాత రక్తహీనత కొలతను కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తప్పించి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిర రక్తంతో చేసే సర్వేకు అప్పగించారు. 41 శాతం కూడా చాలా పెద్ద అంకె. పద్ధతి మారినంత మాత్రాన పిల్లల ఆకలి తగ్గినట్టు కాదు.

1,354: కారణం తెలియని చావులకు కారణం

పల్లెలో చావులు చాలావరకు ఇంట్లోనే జరుగుతాయి. పంచాయతీలో నమోదయ్యేటప్పుడు కారణం దగ్గర 'వృద్ధాప్యం', 'జ్వరం', 'గుండె ఆగింది' అని రాస్తారు. దీనికి మార్గం కుటుంబ సభ్యులతో మాట్లాడి, చివరి రోజుల లక్షణాలు వరసగా రాసుకుని, వైద్యులతో కారణం నిర్ధారించడం. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 జనాభాలో, ఏడాదిలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 98 శాతం మరణాలకు ఈ విచారణ చేయగలిగారు.

వచ్చిన ఫలితం పల్లె ఆరోగ్యం గురించి ఉన్న నమ్మకాన్ని తలకిందులు చేసింది. 32 శాతం మరణాలకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులు. గాయాలు 13 శాతం. అంటువ్యాధులు 12 శాతం. పల్లె అంటే మలేరియా, విరేచనాలు అనుకుని మందులు పంపుతున్న కాలంలో పల్లెకు కావలసింది బీపీ మాత్రలని ఈ లెక్క చెప్పింది. అడిగినవాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. ఇలాంటి పని చేసేవాళ్లకు ఒక మర్యాద తెలిసి ఉండాలి. దినవారాలు ముగియకముందే కాగితం పట్టుకుని వెళ్లకూడదు. మరీ ఆలస్యం చేస్తే వివరాలు మరుపున పడతాయి. తల్లి ఏడుస్తుంటే ప్రశ్న ఆపి, మరో రోజు రావాలి.

464: మార్పు మన వల్లే వచ్చిందా

ఒక కార్యక్రమం మొదలయ్యాక శిశు మరణాలు తగ్గాయి. కార్యక్రమం వల్లనేనా? అదే కాలంలో రోడ్డు పడి ఉండవచ్చు, 108 వచ్చి ఉండవచ్చు. పోలికకు మరో ఊరు ఉంటే తప్ప చెప్పలేం.

హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987–90లో జాతీయ పోషకాహార సంస్థ అలాంటి పోలిక చూసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికి 15 ఊళ్లకు వచ్చింది, 14 ఊళ్లకు ఇంకా రాలేదు. మొదటి ఊళ్లలో గర్భిణులకు రోజుకు 500 కేలరీల అదనపు ఆహారం అందింది, చిన్న పిల్లలకూ ఆహారం అందింది. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక, 2003–05లో 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలు మరింత మెత్తగా, ఇన్సులిన్ పనితీరు మరింత మెరుగ్గా ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన ఆహారం పదిహేనేళ్ల తర్వాతి ఒంటిలో కనిపించింది. ఊళ్లను చీటీ తీసి పంచలేదు కాబట్టి ఇందులో కొంత సందేహానికి తావుంది.

మహబూబ్‌నగర్ జిల్లాలో 2008 తర్వాత ఛాంపియన్ అనే అధ్యయనం ఆ సందేహాన్ని కూడా తీసేసింది. 464 గ్రామాలను చీటీలతో రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో తల్లులకు అవగాహన, కాన్పుకు ఆసుపత్రి సేవలు అందించారు. అక్కడ పుట్టిన నెల లోపు శిశు మరణాలు 24 శాతం తగ్గాయి. మిగతా ఊళ్లను ఖాళీ చేతులతో వదల్లేదు. అక్కడ బడి పిల్లల చదువుకు తోడ్పడే మరో కార్యక్రమం నడిపారు. పోలిక కోసం కొందరికి ఏమీ ఇవ్వకుండా ఉండాలా అన్న నైతిక ప్రశ్నకు ఇది తెలుగు పల్లెల్లో దొరికిన మంచి జవాబు.

97 నుంచి 60.7కు: ఏది కొలవాలి

తెలంగాణలో 2018–20లో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు చనిపోయారు. 60,000 జనాభా మండలంలో, వెయ్యికి 16 జననాల చొప్పున, ఏడాదికి 960 కాన్పులు. ఆ లెక్కన ఒక తల్లి మరణం సుమారు రెండున్నరేళ్లకు ఒకటి. ఈ ఏడాది సున్నా అంటే కార్యక్రమం గెలిచినట్టూ కాదు, వచ్చే ఏడాది ఒకటి అంటే ఓడినట్టూ కాదు. ప్రతి మరణాన్నీ లోతుగా విచారించాలి, కానీ మండల ప్రగతిని దానితో కొలవలేం.

ఆసుపత్రి కాన్పులతో కొలుద్దామా? కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత నాటికే రాష్ట్రంలో అవి 97 శాతానికి చేరాయి, ఇక పెరగడానికి చోటు లేదు. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం: ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఒకప్పుడు 'దవాఖానలో కన్నారా' అన్నది సరైన ప్రశ్న. ఇప్పుడు 'కోత ఎందుకు పెట్టారు, మీకు చెప్పే పెట్టారా' అన్నది సరైన ప్రశ్న. పాత ప్రశ్నకు మంచి మార్కులు వచ్చాయని అక్కడే ఆగిపోతే, మన ఆడపిల్లల ఒంటి మీద జరుగుతున్నదాన్ని చూడటానికి నిరాకరించినట్టే.

2,763: ఆ సంతకం ఎవరిది

వరంగల్ పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే ప్రయోగాత్మక కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే ఉంది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. తల్లిదండ్రులు దూరంగా పల్లెల్లో ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల భాషలో చెప్పి, 'వద్దు' అనే అవకాశం ఇచ్చి ఉంటే సమయం పట్టేది, ఖర్చయ్యేది. ఆ ఖర్చు మిగుల్చుకున్నందుకు నష్టపోయింది టీకాపై జనానికి ఉన్న నమ్మకం. టీకా మంచిదే అయినా, అడగకుండా వేస్తే అన్యాయమే. పేదల ఒంటిని పరిశోధనకు తేలిగ్గా దొరికే వస్తువుగా చూసే ఏ పద్ధతినీ సైన్స్ అని పిలవకూడదు.

సర్వే మీ ఇంటికొస్తే

స్టేషన్ ఘన్‌పూర్‌లోనైనా, మరే మండలంలోనైనా ఆరోగ్య సర్వే పేరుతో ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఐదు విషయాలు అడగండి. ఇది మీ హక్కు. ఒకటి, మీరు ఎవరి తరఫున వచ్చారు, డబ్బు ఎవరిచ్చారు? రెండు, మా ఇల్లు ఎలా ఎంచుకున్నారు, చివరి కాలనీకీ తండాకూ వెళ్లారా? మూడు, నేను వద్దంటే నాకు వచ్చే పథకాలు, వైద్యం ఆగుతాయా? ఆగవని ఆ మనిషి స్పష్టంగా చెప్పాలి. నాలుగు, నా పేరు, నా జబ్బు ఎవరెవరు చూస్తారు? ఐదు, ఫలితం మాకెప్పుడు చెబుతారు?

ఐదో ప్రశ్నకు జవాబు దొరకడమే అన్నిటికంటే అరుదు. సర్వే చేసినవాళ్లు నివేదిక హైదరాబాద్‌కూ ఢిల్లీకీ పంపుతారు, పరిశోధన పత్రం ఇంగ్లిషులో వస్తుంది, ఊరికి కాగితం ముక్క కూడా రాదు. పత్తి చేనులో 323 సందర్భాలను నమోదు చేయించిన మహిళల్లాంటివాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. మందు కలిపిన చేతులు ఎందుకు వణుకుతున్నాయో తెలుసుకునే మొదటి హక్కు వాళ్లదే. కాబట్టి ఆరోగ్య కార్యక్రమం నడిపే ప్రతి సంస్థ, ప్రతి శాఖ ఒక నియమం పెట్టుకోవాలి: గ్రామసభలో తెలుగులో, తండాలో లంబాడీలో ఫలితాలు చదివి వినిపించి, జనం ప్రశ్నలకు జవాబు చెప్పాకే సర్వే పూర్తయినట్టు రాసుకోవాలి. ఊరి నుంచి తీసుకున్న లెక్కను ముందు ఊరికి అప్పజెప్పాలి.